గోడ మీది ఫిల్టరు

నందిపేటలో ఉన్న వదినకు మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? డాబా మెట్లు ఎక్కవద్దని డాక్టరు చెప్పాడట. ఎక్కకు వదినా, పైన ఏముందని ఎక్కుతావు. బాల్కొండ చెల్లెలికి కంటి ఆపరేషను అయింది కదా, చుక్కల మందు మధ్యలో మానేయలేదు కదా? మీ ఇల్లు పెద్ద రోడ్డు పక్కనే, లారీలు ఆగవు, ఒక్కదానివే దాటకు. రుద్రూర్ పిన్నికి షుగరు ఎంత ఉందో ఎవరైనా చూపించారా? పిల్లలూ మనవలూ అందరూ బాగున్నారా? నేను ఉన్నాను. బాగున్నాను అని రాస్తే ఏదో ఒకటి వచ్చి పడుతుందని నా భయం, మీకు తెలిసిందే.

మన లైనులో కాఫీ అక్క పోయింది. నెల కావస్తోంది. మీలో కొందరికి కబురు అందింది, కొందరికి అందలేదు. అందనివాళ్ళు నన్ను తిట్టకండి, ఆ రెండు రోజులు నేను మనిషిని కాను.

నేను చదివింది ఐదో తరగతి. ఇది రాస్తుంటే మనవరాలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది. అచ్చు వేయించి అందరికీ పంపుతానంది. మీ కోడళ్ళూ మనవరాళ్ళూ కూడా చదువుతారట. వాళ్ళకు కాఫీ అక్క ఎవరో తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

బోధన్‌లో షుగర్ ఫ్యాక్టరీ వెనక రేకుల ఇళ్ళ లైనులో మనమందరం పక్కపక్కన అద్దెకు ఉండేవాళ్ళం. మా ఆయన సీజనులో ఫ్యాక్టరీకి పోయేవాడు. నేను బీడీలు చుట్టేదాన్ని, ఇప్పటికీ చుడతాను. మా పక్కింట్లో దిగింది అక్క. ఆమెది వర్ని దిక్కు క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకునేవాళ్ళ ఊళ్ళను మనం క్యాంపులు అంటాం కదా, అట్లాంటి ఊరు. ఆమె భర్త చెరుకు బండ్లు తూచే కాంటా మీద గుమాస్తా. మేమందరం ఆయనను కాంటా సారు అనేవాళ్ళం. మా రెండిళ్ళకూ మధ్యన నడుము ఎత్తు గోడ ఒకటి. దాని కింద ఆమె వైపు ఒక కరివేపాకు చెట్టు.

వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, గోడ మీద నుంచి చిన్న స్టీలు గ్లాసు ఒకటి చాపింది. నల్లగా, మీద నురుగుతో ఉంది. ఒక గుక్క తాగి మొహం మాడ్చుకున్నాను.

"గిదేందక్కా, కషాయమా? మీ దిక్కు జరమొచ్చినోళ్ళకు ఇస్తరా గిది?"

"జ్వరం వచ్చినవాళ్ళకి కాదు పిల్లా, రానివాళ్ళకి. కాఫీ ఇది. ఇంకో గుక్క తాగి చూడు, అప్పుడు తిట్టు."

ఇంకో గుక్క తాగాను. తిట్టలేదు. గ్లాసు కడిగి ఇస్తుంటే, "రేపు కూడా కషాయం కావాలా?" అని అడిగింది. సిగ్గుపడి లోపలికి ఉరికాను. మరునాడు అదే వేళకు గోడ దగ్గర ఏదో పని ఉన్నట్టు నిలబడ్డాను. అది చూసి ఆమె ఎంత నవ్విందో.

అప్పుడు మన దిక్కు అందరం చాయ్ తాగేవాళ్ళమే. కాఫీ అంటే ఉన్నవాళ్ళ తాగుడు అనుకునేవాళ్ళం. మా ఆయన అయితే, "మనకెందుకే గీ దొరల తాగుడు, అలవాటైతే ఎక్కడికెల్లి తెస్తం?" అన్నాడు. ఆ మాట గోడ అవతలికి వినపడింది. అక్క గోడ దగ్గరికి వచ్చి, "తమ్ముడూ, రెండిళ్ళూ కలిస్తే ఒక ఇంటి ఖర్చుతో రెండిళ్ళు తాగొచ్చు. దొరలకి ఇది తెలీదు," అంది.

అట్లా మొదలయింది వంతు. నెలకు పావు కిలో పచ్చి కాఫీ గింజలు అక్క నిజామాబాద్ నుంచి తెప్పించేది. వేయించిన పొడి కొనేది కాదు, "ఎప్పుడు వేయించారో ఏమో, వాసనంతా వాళ్ళ కొట్లోనే అయిపోతుంది" అనేది. ఇనుప మూకుడులో, సన్నటి మంట మీద, వారానికి సరిపడా మాత్రమే వేయించేది. గింజ చిటపటమన్నాక కళ్ళు దాని మీద నుంచి తీసేది కాదు. ఆ సమయంలో లైనులో ఎవరు పిలిచినా పలికేది కాదు. చివరికి నెయ్యి ఒక్క చుక్క. చల్లారాక గుప్పెడు చికోరీ కలిపి, బల్ల చెక్కకు బిగించిన చేతి మరలో ఆ రోజుకు కావలసింది ఆ రోజే ఆడేది. చికోరీ ఎక్కువైతే రంగు వస్తుంది కానీ నాలుక మీద నిలబడదనేది.

ఫిల్టరు ఇత్తడిది, వాళ్ళమ్మ ఇచ్చింది. పొద్దున ఆమె వంతు. పొడి వేసి, దాని మీద చిటికెడు చక్కెర చల్లేది. చక్కెర వేస్తే నీళ్ళు నిదానంగా దిగుతాయి, డికాక్షను చిక్కగా వస్తుంది, తక్కువ పొడి చాలు. మన ఊరి చక్కెర కాబట్టి దానికి లోటు లేదు. మరిగిన నీళ్ళు దింపి, బుడగలు అణిగేదాకా ఆగి, అప్పుడు పోసేది. నేను తొందరపడితే, "ఆగవే, అది దిగాలి. నీ గాభరాకి అదేం పరిగెత్తదు," అనేది. ఆ మాట కాఫీకి ఒక్కదానికే అన్నదని నేను అనుకోను. నా కొడుకు సైకిలు మీద పోయి చీకటి పడ్డా రాకపోతే అదే మాట. మా ఆయనకు ఆకురాలు కాలం దగ్గు పట్టుకుంటే అదే మాట.

మొదటి డికాక్షను ఆమె ఇంట్లో పొద్దుటికి. అది దిగిపోయాక, పొడితో సహా ఫిల్టరు గోడ మీద పెట్టేది. మధ్యాహ్నం నా వంతు. అదే పొడి మీద ఒక చెంచా కొత్త పొడి వేసి, రెండో నీళ్ళు పోసి, ఫ్యాక్టరీ షిఫ్టు కూత అయ్యాక మూడింటికి నేను కాఫీ కలిపేదాన్ని. పాలు ఒకసారి కాచినవే ఉండాలి, మళ్ళీ మళ్ళీ కాస్తే పాల రుచే మిగులుతుందని ఆమె ఖాయిదా. గోడకు ఇటు నేను, అటు ఆమె, గ్లాసులు గోడ మీద. సాయంత్రం పిప్పి కరివేపాకు చెట్టు మొదట్లో. ఏదీ పారేసేది కాదు. చెరుకు ఆడే క్రషింగు సీజనులో ఊరంతా చక్కెర మడ్డి వాసన, మీకు గుర్తుండే ఉంటుంది, అన్నం కూడా అదే వాసన. ఆ వాసన మధ్యలో మా గోడ దగ్గర మాత్రం కాఫీ వాసన ఉండేది.

అసలు సంగతికి ఇప్పుడు వస్తాను. చెప్పాలా వద్దా అని నెల రోజులుగా అనుకుంటున్నాను.

నా వంతుకు వేసే కొత్త పొడి అక్క పొద్దున్నే ఆడి ఇచ్చేది, అది నా దగ్గరే, పాలపొడి డబ్బాలో ఉండేది. ఆ డబ్బా ఎక్కడ పెట్టేదాన్ని? బీడీల చాట పక్కన, తంబాకు సంచి ఉండే గూట్లో. ఇంట్లో తేమ లేని చోటు అదొక్కటే, అందుకని. పొడి చెంచాతో కాదు, చేత్తోనే తీసేదాన్ని. పొద్దుటి నుంచి తంబాకులో ఉన్న చెయ్యి అది. నాకు ఏ వాసనా తెలిసేది కాదు. బీడీలు చుట్టేవాళ్ళకు తంబాకు వాసన తెలియదు, మన లైనులో సగం మందిమి అంతే కదా.

ఆరేడేళ్ళు అట్లా గడిచాయి. ఒకరోజు క్యాంపు నుంచి అక్క చెల్లెలు వచ్చింది. మధ్యాహ్నం వేళ. నేను మర్యాదగా పెద్ద గ్లాసులో కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి, మొక్కల్లోకి ఉమ్మేసింది.

"ఇదేం కాఫీ అక్కా! చుట్ట నానబెట్టిన నీళ్ళలా ఉంది. ఇది తాగుతున్నావా నువ్వు?"

నాకు భూమిలోకి పోయినంత పనయింది. అక్క మాత్రం తన గ్లాసు కింద పెట్టలేదు. తాపీగా తాగుతూ, "మా బోధన్ కాఫీ ఇట్లాగే ఉంటుంది. నీకు పడకపోతే నా గ్లాసులో పొయ్యి," అంది. పోయించుకుంది కూడా.

ఆ చెల్లెలు బస్సెక్కాక గోడ దగ్గరికి పోయి అడిగాను.

"అక్కా, నిజం చెప్పు. ఎప్పటి సంది వస్తున్నది గా వాసన?"

"మొదటి రోజు నుంచీ."

"మరి చెప్పొద్దా? ఇన్నేండ్లు ఎట్ల తాగినవు?"

"చెబితే మానేసేదానివి. వంతు పోయేది," అంది. మళ్ళీ తనే, "అయినా నువ్వు చెయ్యి కడుక్కోకుండా పెట్టింది కాఫీ ఒక్కటేనా, మొన్న పచ్చి పులుసు పంపావు కదా, అందులో సగం బీడీ ఉంది," అంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆ మరునాటి నుంచి పద్ధతి మారింది. నా పాలపొడి డబ్బా తీసుకుని ఆమె తన ఇంట్లో పెట్టుకుంది. పొద్దున తన డికాక్షను దిగాక, నా వంతుకు కావలసిన చెంచా కొత్త పొడి తనే వేసి, బొటనవేలితో నొక్కి, మూత పెట్టి గోడ మీదికి ఎక్కించేది. లోపల నొక్కడానికి ఉండే గొడుగు బిళ్ళ ఎప్పుడో మోరీలో పోయింది, అందుకని బొటనవేలు. నేను మూత తీసేసరికి పొడి మధ్యలో ఆమె వేలి గుంట ఒకటి ఉండేది. నీళ్ళు పోస్తే ముందు ఆ గుంట నిండేది. ఇళ్ళు రెండైనా, ఆ పద్ధతి ఇన్నేళ్ళు ఒక్కరోజు తప్పలేదు. లైను ఖాళీ అయి మీరందరూ తలో ఊరు పోయారు, మా ఆయన పోయాడు, ఫ్యాక్టరీ కూత వినబడడం తగ్గింది, కాంటా సారు పని నుంచి దిగిపోయాడు. మేం రెండిళ్ళవాళ్ళం అక్కడే ఉన్నాం. మూడింటికి గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏదీ, ఇవాళ బీడీ కట్ట ఎక్కడ దాచావు?" అని అడిగేది. ఏళ్ళ తరబడి అదే మాట, ప్రతిసారీ ఇద్దరం నవ్వేవాళ్ళం.

రెండేళ్ళ కింద ఆమెకు కడుపులో మంట మొదలయింది. మొదట అల్సరు అన్నారు. తర్వాత ఏదో పేరు చెప్పారు, ఆ పేరు ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, నేనూ రాయను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఆరేడేళ్ళు రోజూ ఒక గ్లాసెడు తంబాకు నీళ్ళు నా చేత్తో తాగించాను. లెక్కేస్తే ఎన్ని గ్లాసులు అవుతాయో అని లెక్కేయడం మొదలుపెట్టి, భయమేసి ఆపేశాను. ఆమెను చూడడానికి పోయినప్పుడల్లా, ఇది నా కాఫీ వల్లేనా అని అడుగుదామని పోయేదాన్ని. అడగకుండా వచ్చేదాన్ని.

కాఫీ మానమన్నారు. పొద్దుటిది మానేసింది. కాంటా సారు కోసం ఫిల్టరు మాత్రం వేసేది, నా వంతుకు గోడ మీద పెట్టేది. మధ్యాహ్నం గోడ దగ్గరికి నిదానంగా వచ్చేది.

"ఒద్దక్కా, నీ కాల్మొక్త, డాక్టరు ఒద్దన్నడు కదా."

"రెండు గుక్కలే. డాక్టరు మన గోడ దగ్గరికి రాడులే."

రెండు గుక్కలు తాగి మిగతాది నా గ్లాసులో పోసేది. ఆ రెండు గుక్కలు ఇవ్వకపోతే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో. ఇవ్వకపోతే ఆ కాసేపు కూడా గోడ దగ్గరికి వచ్చేది కాదేమో. ఏది తప్పో నాకు తెలియడం లేదు.

ఇంట్లో ఉన్న చివరి రోజు పొద్దున కూడా ఫిల్టరు గోడ మీద పెట్టింది. పన్నెండింటికి రక్తం కక్కుకుంది. జీపులో నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయారు. నేను ఆ గాభరాలో ఫిల్టరు లోపల పెట్టి, అట్లాగే వెనక బస్సులో పోయాను. మరునాడు వార్డు బయట డాక్టరు కనపడితే ధైర్యం చేసి అడిగాను.

"సారూ, తంబాకు వాసనున్న కాఫీ చాన ఏండ్లు తాగితే గిట్లయితదా?"

ఆయన నా మొహం చూశాడు. "ఎవరు తాగారమ్మా? నువ్వా?" అన్నాడు. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. మళ్ళీ అడిగే అవకాశం దొరకలేదు. దొరికిందేమో, నేనే అడగలేదేమో.

లోపలికి పోతే అక్క కళ్ళు తెరిచే ఉంది. మంచం పక్కన కూర్చుని, "అక్కా, ఒక్క ముచ్చట అడగాలె," అన్నాను.

"అడుగు పిల్లా."

గొంతు దాకా వచ్చింది. వచ్చి, "నొప్పి చాన ఉన్నదా?" అయింది.

"ఫిల్టరు కడిగావా?" అని అడిగింది. లేదన్నాను. "కడుగు. పొడి ఎండిపోతే కన్నాలు మూసుకుపోతాయి. వేడి నీళ్ళతో, సబ్బు వద్దు." అవే ఆమె నాతో అన్న చివరి మాటలు. ఆ రాత్రి గడవలేదు.

నేను ఫిల్టరు కడగలేదు. ఇంటికి వచ్చి మూత తీశాను. పొడి మధ్యలో ఆమె బొటనవేలి గుంట. నా వంతుకని వేసి నొక్కిన చెంచా అది, నేను నీళ్ళు పోయనే లేదు. బూజు పడుతుందని భయమేసి, పలచని గుడ్డ కప్పి ఎండలో పెట్టాను. ఎండి గట్టిపడింది. గుంట అట్లాగే ఉంది. రోజుకు ఎన్నిసార్లు మూత తీసి చూస్తానో మనవరాలిని అడగండి. కన్నాలు మూసుకుపోయే ఉంటాయి. ఆమె చెప్పిన చివరి పని కూడా చేయనిదాన్ని నేను.

కార్యం అయ్యాక కాంటా సారును నిజామాబాద్‌లో ఉండే కూతురు తీసుకుపోయింది. పక్కిల్లు తాళం. నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మొహం చూపించలేక కార్యం రోజు వంటవాళ్ళ వెనక గిన్నెలు తోముతూ కూర్చున్నాను.

మొన్న కిరాణా కొట్టు ఫోనుకు ఆయన ఫోను చేశాడు. కొట్టాయన కేకేస్తే, ఎవరికేమయిందోనని చెప్పులు లేకుండా ఉరికాను.

"చెల్లెమ్మా, నేను. ఎలా ఉన్నావు?"

"ఉన్న సారూ. మీరు మంచిగున్నరా? కాఫీ తాగుతున్నరా?"

"అమ్మాయి టీ పెడుతోంది. ఇక్కడ అందరూ టీనే. ఫిల్టరు మా ఇంట్లో వెతికించాను, లేదు."

"నా తానే ఉన్నది సారూ," అన్నాను. ఇక ఆగలేదు. కొట్లో నలుగురు నిలబడి ఉన్నారు, అయినా ఆగలేదు. తంబాకు సంచి, పాలపొడి డబ్బా, చెయ్యి కడుక్కోకపోవడం, ఆరేడేళ్ళు, అంతా చెప్పేశాను. "నా చెయ్యే సారూ అక్కను తిన్నది," అన్నాను.

ఫోను కట్టయిందనుకున్నాను.

"ముప్పయ్యేళ్ళు కాంటా మీద కూర్చుని బీడీలు కాల్చాను చెల్లెమ్మా," అన్నాడు చివరికి. "ఇంటికొచ్చి కూడా కాల్చాను. తలుపేసి, పక్కనే కూర్చుని. ఆవిడ దగ్గితే కిటికీ తీసేవాణ్ణి. అంతే చేశాను. నీది చెయ్యయితే నాది ఏమిటో నువ్వే చెప్పు."

ఇటు నేను ఏడ్చాను, అటు ఆయన ఏడ్చాడో లేదో తెలియదు. కొట్టాయన చక్కెర పొట్లం కడుతూ మొహం అటు తిప్పుకున్నాడు. కాంటా సారే మళ్ళీ అన్నాడు.

"పొద్దుటిది పెట్టే మనిషి పోయింది. మధ్యాహ్నం వంతు నీది. నీది ఇంకా ఉంది కదా. ఎప్పుడొస్తావు?"

ఆయన నన్ను క్షమించాడని నేను రాయడం లేదు. ఆయనను క్షమించడానికి నేనెవరినీ కాదు. అడగాల్సిన మనిషి ఇద్దరికీ లేదు. మీకు ఇదంతా ఎందుకు రాశానంటే, మీరూ ఆ గోడ మీద గ్లాసు పెట్టి ఎప్పుడో ఒకప్పుడు తాగినవాళ్ళే. నా వంతు కాఫీ తాగినవాళ్ళు ఎవరికైనా కడుపులో మంట ఉంటే దాచుకోకండి, చూపించుకోండి, నాకు కబురు చేయండి.

ఫిల్టరు ఎండిన పొడితో అట్లాగే, గుడ్డలో కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోతాను. ఆ వేలి గుంట ఆయన కూడా ఒకసారి చూడాలి. చూశాక అక్కడే, ఆమె చెప్పినట్టే వేడి నీళ్ళతో, సబ్బు లేకుండా కడుగుతాను. ఆ పిప్పి పొట్లం కట్టుకుని, ఇంటికి వచ్చాక కరివేపాకు మొదట్లో వేస్తాను. చేతులు రెండుసార్లు కడుక్కుని కొత్త పొడి వేస్తాను. ఆ రోజు రాహుకాలం మూడింటికి పోతుంది, అది దాటాకే నీళ్ళు పోస్తానని చెప్పాను. సరేనన్నాడు.

వచ్చే గురువారం, మధ్యాహ్నం మూడింటికి.